ఎండలు ముదరకముందే కారుకి ఇంటి దగ్గర మనమే చేసుకునే పనులు

కారుతోపాటు ఇచ్చిన ఓనర్స్ మాన్యువల్ డ్యాష్‌బోర్డు అరలో కాగితాల కింద ఎక్కడో ఉంటుంది, ఒకసారి బయటికి తీయండి. సర్వీస్ పట్టిక దగ్గరే ఇంకో చిన్న పట్టిక కూడా కనపడుతుంది, దుమ్ము రోడ్లు, విపరీతమైన వేడి, రోజూ చిన్న చిన్న దూరాలే తిరగడం, ఇలాంటివి ఉంటే ఫిల్టర్లు, ఆయిల్ మామూలుకన్నా ముందే చూడాలి, ముందే మార్చాలి అని. ఆ పేజీ మనది కాదనుకుని తిప్పేస్తాం గానీ అది అచ్చంగా మనకోసమే రాసినట్టుంటుంది. రామగుండంలో మే నెల ఎండ, భూపాలపల్లి వైపు బొగ్గు లారీలు, కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, పత్తి సీజన్‌లో ఎనుమాముల, జమ్మికుంట మార్కెట్ల దగ్గర గాల్లో తేలే దూది, ఇక మేడారం జాతరకి పోయొచ్చిన కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడాదికోసారి సర్వీసుకిచ్చి వదిలేస్తే ఇక్కడ సరిపోదు, మధ్యలో మనం చూసుకోవాల్సినవి ఉంటాయి, అవి ఆదివారం పొద్దున ఎండెక్కకముందే అయిపోతాయి.

సామాను పెద్దగా ఏమీ వద్దు. 10 నంబర్ పానా, ఒక స్క్రూడ్రైవర్, టైర్ల గాలి చూసే గేజ్, ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్ మల్టీమీటర్, పాత టూత్‌బ్రష్, పాత బనియన్ గుడ్డలు, రబ్బరు గ్లౌజులు, కళ్లకి ఏదో ఒక అద్దాలు.

మొదటిది కూలెంట్, ఎండాకాలంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. రాత్రంతా చల్లారిన బండిలోనే చూడండి. బానెట్ ఎత్తితే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని మీద మిన్, మ్యాక్స్ అని రెండు గీతలు ఉంటాయి, మట్టం వాటి మధ్యలో ఉండాలి. కొన్ని కార్లలో రేడియేటర్‌కి వేరే మూత ఉంటుంది, కొన్నిటిలో ఆ డబ్బాకే ప్రెషర్ మూత ఉంటుంది, ఏదైనా సరే ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తిప్పగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కాలిన గాయాలతో హాస్పిటల్‌కి పోయే పని అది.

తగ్గితే ఏం పోయాలి? మన దగ్గర చాలామంది చేసే పని బోరు నీళ్లు పోసేయడం. మన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో గీజర్ కాయిల్ ఊడదీసి చూసినవాళ్లకి తెలుసు, అదే తెల్ల పొర రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటుంది. పైగా మామూలు నీళ్లలో తుప్పు ఆపే మందు ఉండదు. మీ కారు మాన్యువల్‌లో ఏ రకం రాశారో ఆ రకం కూలెంటే కొనండి, రంగు చూసి కొనొద్దు, ఎందుకంటే పచ్చ, ఎరుపు, నీలం అనే రంగులు కంపెనీలు ఎవరికి నచ్చినట్టు వాళ్లు వేసుకునేవి, రంగు ఒకటైనంత మాత్రాన లోపలి రసాయనం ఒకటే కాదు. డబ్బా మీద రెడీ టు యూజ్ అని ఉంటే నేరుగా పోయొచ్చు, కాన్సంట్రేట్ అని ఉంటే డిస్టిల్డ్ వాటర్ కలపాలి, ఎక్కువగా సగం సగం, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఒలికితే వెంటనే నీళ్లతో బాగా కడిగేయండి, దాంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, వీధి కుక్క నాకితే చచ్చిపోతుంది.

పోసిన నెలకే మళ్లీ తగ్గితే మాత్రం ఇంకో డబ్బా కొనడం కాదు, ఎక్కడో కారుతోంది. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో, వాటర్ పంపు దగ్గర ఎండిన తెల్ల మరకలో రంగు మరకలో ఉన్నాయేమో చూడండి. ఆయిల్ పోసే మూత తీసి లోపల పాల టీ రంగులో నురగ కనపడితే, ఆయిల్‌లో కూలెంట్ కలుస్తుండొచ్చు, బండి నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి. అలాంటిదేమీ లేకపోతే ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి, చేతులు దూరంగా పెట్టండి, ఇంజన్ ఆపాక కూడా కొన్ని కార్లలో ఆ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

హైదరాబాద్ రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం టెంపరేచర్ ముల్లు ఎక్కినా, ఎర్ర లైటు వెలిగినా టెన్షన్ పడకుండా ముందు ఏసీ ఆపండి, హీటర్ ఫుల్‌గా పెట్టి బ్లోవర్ తిప్పండి, లోపల కూర్చోలేరు గానీ ఇంజన్ వేడి కొంత అటు లాగుతుంది, అలా నెమ్మదిగా పక్కకి తీసి నీడలో ఇంజన్ ఆపేయండి. కనీసం అరగంట బానెట్ లోపల ఏమీ ముట్టుకోవద్దు. టీ కొట్టు ఆయన మంచి మనసుతో బకెట్ నీళ్లు తెచ్చినా ఇంజన్ మీద పోయనివ్వకండి, కాలిన లోహం మీద చల్లటి నీళ్లు పడితే పగుళ్లొస్తాయి.

ఇక బ్యాటరీ. అందరూ చలికాలంలో సెల్ఫ్ తీసుకోకపోతే బ్యాటరీ పోయిందంటారు గానీ, అది లోపల చెడిపోవడం మొదలయ్యేది ఎండాకాలంలోనే, వేడికి లోపలి నీరు ఆవిరవుతుంది, ప్లేట్లు తొందరగా అరిగిపోతాయి. పొద్దున బండి తీయకముందు మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి రెండు టెర్మినళ్ల మీద ఆనించండి. 12.6 దగ్గరుంటే నిండా ఉన్నట్టు, 12.4 పర్వాలేదు, 12.2 కన్నా తక్కువైతే చార్జింగ్ పెట్టించాలి. ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటర్ చూడండి, ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి పడిపోతే కొత్త బ్యాటరీకి డబ్బులు రెడీ చేసుకోవడం మంచిది. ఇంజన్ నడుస్తున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్యలో చూపించాలి, అలా చూపించకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించండి. బ్యాటరీ షాపులో ఈ ముక్క చెబితే అనవసరంగా కొత్తది అంటగట్టే బేరం అక్కడే ఆగిపోతుంది.

టెర్మినళ్ల మీద తెల్లగా, నీలంగా బూజులాంటిది పడితే శుభ్రం చేసుకోవచ్చు. తాళం చెవి జేబులో పెట్టుకుని, ముందు మైనస్ వైరు ఊడదీయండి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. ఈ వరస ఎందుకంటే, మైనస్ తగిలించి ఉండగా ప్లస్ విప్పుతుంటే పానా పొరపాటున బాడీకి తగిలిందా, నిప్పురవ్వలు లేస్తాయి, బ్యాటరీ పక్కన హైడ్రోజన్ గ్యాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి అది సరదా కాదు. గోరువెచ్చని నీళ్లలో తినే సోడా కలిపి బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరనిచ్చి, బిగించాక వ్యాజలిన్ పల్చగా రాయండి. మూతలున్న పాత రకం బ్యాటరీ అయితే గీత దాకా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, ఆసిడ్ వద్దు. వైర్లు విప్పినందుకు గడియారం, రేడియో సెట్టింగులు పోతాయి, మళ్లీ పెట్టుకోవచ్చు.

ఏసీ గాలి సరిగా రావట్లేదని గ్యాస్ పట్టించే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కి కిందికి దించితే వెనక చిన్న మూత ఉంటుంది, దాన్ని లాగితే ఫిల్టర్ బయటికొస్తుంది. కొన్ని బేస్ మోడళ్లలో ఫిల్టరే ఉండదు, ఖాళీ అర మాత్రమే ఉంటుంది, అలాంటి వాటికి కొని పెట్టుకోవచ్చు. గాలి ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు దాని అంచు మీద ఉంటుంది, పాతది తీసేటప్పుడే అది పైకుందో కిందికుందో ఫోన్లో ఫొటో తీసుకోండి. ఇంజన్ ఎయిర్ ఫిల్టర్ ఇంకా తేలిక, నల్ల డబ్బాకున్న క్లిప్పులు ఎత్తితే చాలు. దాన్ని దులపొచ్చు, మరీ నల్లబడితే మార్చాలి, నీళ్లతో మాత్రం కడగొద్దు, అది కాగితం. డబ్బా లోపలి దుమ్ము తడిగుడ్డతో తుడిచాకే కొత్తది పెట్టండి.

ముందు గ్రిల్ వెనక కనపడే జాలీ ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. పత్తి దూది, పురుగులు, ఎండుటాకులు అక్కడే ఇరుక్కుంటాయి. మామూలు పైపు నీళ్లతో నెమ్మదిగా కడగండి, వాషింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ సన్నటి రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుపోతుంది.

టైర్ల గాలి ఎంతుండాలో డ్రైవర్ డోర్ తీస్తే స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది, పంచర్ షాపులో చెప్పే లెక్క కాదు. బండి కదలకముందు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. దూరం నడిపాక గేజ్‌లో ఎక్కువ కనపడుతుంది, అప్పుడు గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది, తక్కువ గాలితో వేడి రోడ్డు మీద వేగంగా పోతే టైరు పక్కలు కాగి పేలే ప్రమాదం ఉంది. గాడుల మధ్య చిన్న దిమ్మెల్లాంటివి ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు, మార్చేయాలి. పక్కన అంకెల్లో చివరి నాలుగు, ఉదాహరణకి 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. స్టెప్నీకి కూడా గాలి చూడండి, అవసరపడిన రోజే అది మెత్తగా ఉంటుంది.

ఇంజన్ ఆయిల్‌కి బండి సమతలంగా ఆపి, పది నిమిషాలాగి, డిప్‌స్టిక్ అనే కొలత కడ్డీ తీసి తుడిచి, మళ్లీ ముంచి ఆయిల్ దాని మీది రెండు గుర్తుల మధ్య ఉందో లేదో చూస్తే చాలు.

వరి కోతలయ్యాక పొలాల పక్కన ఇళ్లున్నవాళ్లకి ఎలుకల బాధ మొదలవుతుంది, వెచ్చగా ఉందని బానెట్‌లోకి దూరి వైర్లు కొరుకుతాయి. పొగాకు కట్టడం, నాఫ్తలీన్ ఉండలు పెట్టడం చేస్తుంటారు, నా లెక్కలో వాటికన్నా కారు పక్కన వడ్ల బస్తాలు, చెత్త లేకుండా చూసుకోవడం మేలు. ఎలుకల మందు మాత్రం పెట్టకండి, బ్లోవర్‌లోకి పోయి చస్తే ఏసీ వేసినప్పుడల్లా ఆ వాసనే.

చేయకూడనివి కొన్ని. బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే, దాని మీద ఎత్తి కిందికి దూరొద్దు. పసుపు రంగు వైర్లు, కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, నారింజ రంగు మందపాటి కేబుళ్లు హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో హై వోల్టేజ్‌వి, ముట్టుకోవద్దు. బ్రేకులు, ఏసీ గ్యాస్ షెడ్డుకే.

ఎండలు పోయి వానలొస్తే ఇంకో రకం గొడవ. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో చూశాం. కారు సీట్ల దాకా మునిగి ఉంటే, నీళ్లు తగ్గాక ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం అనే ఆలోచనే రానివ్వకండి. సిలిండర్లోకి పోయిన నీళ్లని పిస్టన్ నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, వేలల్లో అయ్యే రిపేరు లక్షల్లోకి పోతుంది. బ్యాటరీ మైనస్ వైరు విప్పి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో మరక కనపడేలా ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి, లాగించుకుని పోండి. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా నీళ్లలో స్టార్ట్ చేసి పాడైన ఇంజన్‌కి డబ్బులు ఇచ్చేది లేదని కంపెనీ అనొచ్చు, దానికి ఇంజన్ ప్రొటెక్షన్ అని వేరే యాడ్ ఆన్ ఉంటుంది. అది మీ పాలసీలో ఉందో లేదో ఈ పనులన్నీ చేసే ఆదివారమే కాగితం తీసి చూసుకోండి, సాధారణంగా కొత్తగా తీసుకునేటప్పుడో రెన్యువల్ అప్పుడో తప్ప మధ్యలో కలపరు.