గార్డు తలుపుకు కాపలా – 5వ పాఠం: బ్లేడు ఆగేదాకా తెరుచుకోని తాళం

పోయిన పాఠంలో, కోసే బ్లేడును కప్పి ఉంచే గార్డు తలుపుకు స్విచ్చి బిగించాం. తలుపు తీస్తే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. తాడిపత్రిలోనో, బేతంచెర్లలోనో, ఎర్రగుంట్లలోనో నాపరాయి కోసే మిషను దగ్గర నిలబడి చూస్తే అది ఎందుకు చాలదో తెలుస్తుంది. స్టాప్ బటన్ నొక్కగానే మోత తగ్గుతుంది, నీళ్లు ఆగుతాయి, బ్లేడు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. మోటారు ఆగడం వేరు, బ్లేడు ఆగడం వేరు. ఆ రెండింటి మధ్య ఉన్న సెకన్లలోనే వేళ్లు పోతాయి.

ముందు కొలవండి

ఐసోలేటరు (మిషనుకు లైను పూర్తిగా తెంచే మెయిన్ స్విచ్చి) ఆపి తాళం వేసి, బ్లేడు పక్కభాగంలో తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. గార్డు మూసి, ఐసోలేటరు తాళం తీసి మిషను నడిపి, స్టాప్ నొక్కిన క్షణం నుంచి గీత కదలకుండా నిలిచేదాకా ఫోనులో వీడియో తీయండి. ఇలా ఐదుసార్లు కొలిచి, అన్నిటికన్నా పెద్ద అంకె తీసుకోవాలి. సగటు తీసుకోకూడదు. ఆ మిషనుకు వాడే బ్లేడుల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని, కొత్తదాన్ని బిగించి కొలవాలి, ఎందుకంటే బరువు ఎక్కువైతే ఆగడానికి ఎక్కువసేపు పడుతుంది. అరిగిన బ్లేడుతో కొలిస్తే లెక్క తప్పుతుంది.

14 సెకన్లు వచ్చిందనుకుందాం. మనిషి సెకనుకు 1600 మిల్లీమీటర్లు దగ్గరికి వస్తాడని ఐఎస్ఓ 13855 ప్రమాణం లెక్క. 1600ని 14తో గుణిస్తే 22,400, అంటే 22.4 మీటర్లు. తలుపు తీస్తే మోటారు ఆగే మామూలు స్విచ్చి ఒక్కటే పెడితే, ఆ తలుపు బ్లేడుకు 22 మీటర్ల దూరంలో ఉండాలన్నమాట. మన మిషన్లలో గార్డు తలుపుకూ బ్లేడుకూ మధ్య జానెడు కూడా ఉండదు. అందుకే తాళం ఉన్న స్విచ్చి కావాలి: బ్లేడు నిజంగా నిలిచాకే తలుపు వదలాలి.

కరెంటు పోయినప్పుడు తాళం ఏం చేస్తుంది?

తాళం స్విచ్చి కొనేటప్పుడు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. రెండు రకాలున్నాయి. మొదటి రకంలో స్ప్రింగు తాళం వేసి ఉంచుతుంది, 24 వోల్టులు ఇస్తేనే తెరుచుకుంటుంది. రెండో రకంలో 24 వోల్టులు ఉన్నంతసేపే తాళం పడుతుంది. రెండోదాన్ని బ్లేడు గార్డుకు పెట్టకండి. మిషను పూర్తి వేగంలో ఉండగా లైను పోతే బ్లేడు ఇంకా తిరుగుతుంటుంది, తాళం మాత్రం అప్పుడే వదిలేస్తుంది. షెడ్డులో చీకటి, ఏమైందో చూద్దామని ఎవరో ఒకరు వెంటనే తలుపు లాగుతారు. స్ప్రింగు తాళం ఉంటే కరెంటు లేకపోయినా పట్టుకునే ఉంటుంది. అలాంటప్పుడు తెరవడానికి స్విచ్చి మీద చిన్న తాళంచెవి రంధ్రమో స్క్రూనో ఇస్తారు. ఆ చెవి ఆపరేటరు దగ్గర కాకుండా షిఫ్టు మేస్త్రి దగ్గర ఉండాలి.

ఆగిందని తాళానికి ఎవరు చెప్పాలి?

మూడు దారులున్నాయి. ఇక్కడ తొందర పనికిరాదు.

మొదటిది టైమరు. మోటారుకు కరెంటు ఇచ్చి ఆపే రెండు కాంటాక్టర్లూ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్చిలు) పడిపోయాక లెక్క మొదలై, కొలిచిన పెద్ద అంకెకు కనీసం సగం కలిపాక, అంటే మన 14 సెకన్లకు 21 సెకన్లయ్యాక, తాళానికి కరెంటు ఇస్తుంది. ఇది కరెంటు వచ్చాక లెక్కించే ఆన్-డిలే రకమే కావాలి. లైను పోయి మళ్లీ వస్తే ఇది సున్నా నుంచి లెక్కపెడుతుంది. కాస్త ఎక్కువసేపు ఆగాల్సి వచ్చినా నష్టం లేదు. మామూలు టైమరులో కాంటాక్టు అతుక్కుపోతే తాళం బ్లేడు ఆగకముందే తెరుచుకుంటుంది, ఎవరికీ తెలియదు. కాబట్టి తన లోపాన్ని తానే పట్టుకునే సేఫ్టీ టైమర్ రిలేనే పెట్టాలి.

రెండోది మోటారు తీగల్లో మిగిలిన చిన్న వోల్టేజిని చూసి మోటారు నిలిచిందని చెప్పే రిలే. బిగించడం తేలిక, మిషను వైపు వైరు లాగే పని లేదు. కానీ మన మిషన్లలో మోటారుకూ బ్లేడు షాఫ్టుకూ మధ్య వి-బెల్టులుంటాయి. బెల్టులు తెగితే మోటారు వెంటనే నిలుస్తుంది. బెల్టు లాగుడు లేని బ్లేడు మామూలుకన్నా ఎక్కువసేపు తిరుగుతుంది. రిలే మాత్రం మోటారునే చూసి తాళం తీసేస్తుంది. పైగా బెల్టు తెగినప్పుడే మనిషి తలుపు తీయాలని చూస్తాడు. బెల్టుతో నడిచే బ్లేడుకు ఈ పద్ధతి వద్దు. టైమరు పెట్టినా ఈ సంగతి గుర్తుంచుకుని ఎక్కువ సమయమే ఇవ్వండి.

మూడోది, మేము మంచిదని చెప్పేది: బ్లేడు షాఫ్టు మీదనే పళ్ల చక్రం బిగించి, దాని ముందు రెండు ప్రాక్సిమిటీ సెన్సర్లు (పన్ను ఎదురుగా వచ్చినప్పుడల్లా తాకకుండానే ఒక పల్సు ఇచ్చేవి) పెట్టి, వాటిని వేగం చూసే సేఫ్టీ రిలేకు కలపడం. రెండూ ఎందుకంటే ఒకటి చెడిపోయి పల్సులు ఆపేస్తే, దాన్ని 'బ్లేడు ఆగింది' అని రిలే నమ్మకూడదు.

బిగింపు

స్విచ్చి తలకు, తలుపుకు బిగించిన నాలుక (లోహపు పట్టీ) దూరే రంధ్రం ఉంటుంది. అది పైకి చూడకూడదు. నాపరాయి పొడి, నీళ్లు కలిసి కారే బురద ఆ రంధ్రంలో నిండి, రాత్రికి ఆరి, తెల్లారేసరికి సున్నం గచ్చులా గట్టిపడుతుంది. పక్కకో కిందికో తిప్పి బిగించండి. చాలా స్విచ్చిల తలను 90 డిగ్రీల చొప్పున తిప్పుకోవచ్చు. కేబుల్ గ్లాండు (వైరు లోపలికి పోయే చోట బిగించేది) కిందివైపు ఉండాలి. లోపలికి పోయే ముందు వైరు ఒక వంపు తిరిగి ఉంటే నీటి చుక్క అక్కడే రాలిపోతుంది.

తలుపు బరువు స్విచ్చి మీద పడకూడదు. తలుపుకు వేరే స్టాపరు, వేరే గొళ్లెం ఉండాలి. లేకపోతే అదురుకు నాలుక కదిలి, పని మధ్యలో మిషను ఊరికే ఆగిపోతుంటుంది. స్విచ్చిని పొడుగు రంధ్రాల్లో బిగించి వదిలేయకండి, సరిగా కుదిరాక పిన్ను కొట్టి స్థానం ఖాయం చేయాలి. మామూలు స్క్రూడ్రైవరుతో ఊడే స్క్రూలు కూడా వద్దు.

వైరింగు

సేఫ్టీ రిలేకు ఎ1, ఎ2 టెర్మినళ్ల మధ్య 24 వోల్టుల డీసీ ఇవ్వాలి. తాళం స్విచ్చిలో తలుపు మూసిందని చెప్పే కాంటాక్టు ఒకటి, తాళం పడిందని చెప్పేది ఇంకొకటి ఉంటాయి. సేఫ్టీ సర్క్యూట్‌లో తాళం పడిందని చెప్పేది తప్పకుండా ఉండాలి. రెండు ఛానెళ్లకు, అంటే రిలేకు సంకేతం పోయే రెండు విడి దారులకు, రెండు వేర్వేరు కాంటాక్టులు, వేర్వేరు తీగలు. కేబులు మిగిల్చడానికి ఒకే కాంటాక్టు నుంచి తీగ తెచ్చి రిలే దగ్గర రెండింటికీ జంపరు వేస్తుంటారు. అప్పుడు ఉన్నది ఒక్క ఛానెలే.

రిలే అవుట్‌పుట్లు రెండు కాంటాక్టర్లను, కే1, కే2లను లాగాలి. ఈ రెండూ వరసగా, స్టార్-డెల్టా స్టార్టరుకు ముందే, లైనులో ఉండాలి. స్టార్టరు లోపలి మెయిన్ కాంటాక్టరును మాత్రమే ఆపితే చాలదు. డెల్టా కాంటాక్టరు అతుక్కుంటే మోటారు వైండింగులకు ఆ దారిన కరెంటు అందుతూనే ఉంటుంది. కే1, కే2ల ఎన్‌సీ కాంటాక్టులను (కాంటాక్టరు పడిపోయినప్పుడు మూసుకునేవి) వరసగా రీసెట్ సర్క్యూట్‌లో వేయండి. ఏ కాంటాక్టరు అతుక్కుని కిందికి పడకపోయినా మళ్లీ రీసెట్ కాకుండా ఇది ఆపుతుంది. కాంటాక్టరు కాయిల్ మీద సప్రెసరు (స్పార్కును అణిచే చిన్న భాగం) తప్పనిసరి. అది లేకపోతే కాయిల్ కొట్టే స్పార్కుకు సేఫ్టీ రిలే కాంటాక్టులే కాలిపోతాయి.

రీసెట్ బటన్ గార్డు బయట, బ్లేడు కనిపించే చోట ఉండాలి. తలుపు మూస్తే మిషను దానంతటది లేవకూడదు. మూశాక రీసెట్, ఆ తర్వాత స్టార్ట్.

పరీక్ష

మోటారు లైను ఐసోలేటరుకు తాళం వేసి, కంట్రోల్ కరెంటు మాత్రమే ఉంచండి. తలుపు మూసి, తాళం పడ్డాక రీసెట్ నొక్కితే రిలే పట్టాలి. ఇప్పుడు స్విచ్చి దగ్గర ఒక ఛానెల్ తీగ ఊడదీయండి. రిలే వెంటనే పడిపోవాలి. తీగ తిరిగి పెట్టి రీసెట్ నొక్కండి, పట్టకూడదు. తలుపు ఒకసారి తెరిచి మూశాకే పట్టాలి. ఊరికే రీసెట్ అయితే రెండు ఛానెళ్లూ ఎక్కడో కలిసిపోయాయి. రెండో తీగతోనూ ఇలాగే చేయండి. తర్వాత ఫీడ్‌బ్యాక్ తీగ, అంటే రీసెట్ సర్క్యూట్‌లో వేసిన కే1, కే2ల ఎన్‌సీ కాంటాక్టుల తీగ, తీసి రీసెట్ నొక్కండి, అప్పుడూ పట్టకూడదు. చివరగా మోటారు లైను ఇచ్చి, మిషను నడిపి, స్టాప్ నొక్కి, తాళం వదిలేదాకా గడియారం చూడండి. గీత నిలవకముందు తాళం వదిలితే ఆ రోజు మిషను నడపకూడదు.

మెగ్గరు (తీగల ఇన్సులేషను పరీక్షించే మీటరు) పెట్టేటప్పుడు సెన్సర్లు, రిలే ఊడదీయాలి. 500 వోల్టులకు లోపలి ఎలక్ట్రానిక్స్ పోతాయి. పైకి బాగున్నట్టే కనిపిస్తాయి.

నడుస్తుండగా చూసుకోవాల్సినవి

షిఫ్టు మొదట్లో ఒకసారి తలుపు తీసి, స్టార్ట్ నొక్కి, మిషను లేవలేదని చూడాలి. షిఫ్టు చివర్లో బురద ఆరకముందే మెత్తని బ్రష్షుతో, నీళ్లతో స్విచ్చి తల కడగాలి. ఆరిన పొడిని స్క్రూడ్రైవరుతో గీకితే లోపలి పళ్లు విరుగుతాయి. నెలకోసారి తలుపు కీలు చూడండి. తలుపు రెండు మూడు మిల్లీమీటర్లు కుంగినా నాలుక అంచుకు రాసుకుంటుంది, దాని మీద గీతలు పడతాయి. గీతలు కనిపించినప్పుడు మార్చాల్సింది కీలు, స్విచ్చి కాదు. తలుపు చాలా అరుదుగా తెరిచే మిషన్లకు ఐఎస్ఓ 14119 ఇంకో మాట చెబుతుంది: భద్రతా సర్క్యూట్ నమ్మకాన్ని చెప్పే స్థాయిల్లో (పీఎల్) అన్నిటికన్నా పైదైన పీఎల్-ఈకి నెలకోసారి, దాని కింది పీఎల్-డికి ఏడాదికోసారి పనిగట్టుకుని పరీక్షించాలి. ఎండాకాలం రేకుల షెడ్డులో ప్యానెల్ లోపలి వేడి కూడా కొలవండి. రిలే మీద రాసిన గరిష్ఠ డిగ్రీలు దాటితే కారణం తెలియకుండా ఆగిపోతుంటుంది.

ఊరికే ఆగే మిషను స్విచ్చిని ఎవరో ఒకరు 'డైరెక్ట్' చేస్తారు. జంపరు వేస్తారు, లేదా స్పేరు నాలుకను తెచ్చి రంధ్రంలో దూర్చేస్తారు. అందుకే స్పేరు నాలుకలు సొరుగులో ఉంచకూడదు, లెక్కపెట్టి తాళంలో పెట్టాలి. కొత్తగా కొనేవాళ్లు, ఒక్క నాలుకనే గుర్తుపట్టే హై-కోడెడ్ ఆర్‌ఎఫ్‌ఐడీ (నాలుకలోని చిప్ కోడును రేడియోతో చదివే) రకం తీసుకోండి, వేరే నాలుకకు అది పలకదు. డైరెక్ట్ చేసింది కనిపిస్తే మిషను ఆపించి, జంపరు తీసేసి, ఆపరేటరును తిట్టకుండా కూర్చోబెట్టి అడగండి: రోజుకు ఎన్నిసార్లు ఊరికే ఆగుతోంది, ఏ పని చేస్తుండగా ఆగుతోంది? కుంగిన తలుపో, బురదో, గొళ్లెం లేకపోవడమో బయటపడుతుంది.

వచ్చే పాఠం కన్వేయరు పొడవునా లాగే తాడు స్విచ్చి మీద. ఈలోగా మీ మిషను ఆగే సమయం ఐదుసార్లు కొలిచి, తేదీ వేసి, ఏ బ్లేడుతో కొలిచారో కూడా రాసి ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఆరో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.