సీసా వెనకవైపు చదువు – 3వ పాఠం: క్రీములో తేమ ఎక్కడిది?

రెండో పాఠం చివర ఒక పని చెప్పాను. మీరు వాడే మాయిశ్చరైజర్ వెనక ఉన్న పదార్థాల జాబితాను వరస తప్పకుండా కాగితం మీద రాసుకోమన్నాను. రాయని వాళ్లు ఇప్పుడు రాసుకోండి. ఈ పాఠం పెన్ను పట్టుకుని చదివితేనే పనికొస్తుంది.

ముందుగా ఒక పాత ప్రయోగం. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే పరిశోధకుడు గట్టిపడిన చర్మపు ముక్కలను బాగా ఎండబెట్టి నూనెలో, పెట్రోలియం జెల్లీలో నానబెట్టాడు. ఎంతసేపు ఉంచినా అవి పెళుసుగానే ఉండిపోయాయి. అవే ముక్కలకు నీళ్లు తగలగానే మెత్తబడి వంగాయి. చర్మాన్ని మెత్తగా ఉంచేది జిడ్డు కాదు, నీరు అని దాంతో తేలింది. పై పొరలో నీరు సుమారు 10 శాతం కంటే తగ్గితే చర్మం బిరుసెక్కి పొట్టు లేస్తుంది.

అలాగని నీళ్లు చల్లుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఆ నీరు కాసేపట్లో ఆవిరైపోతుంది. అందుకే క్రీము చేసే వాళ్లకు మూడు రకాల సరుకు కావాలి: నీటిని పట్టి ఉంచేది, పొట్టు లేచిన చోట సందులు పూడ్చి నునుపు చేసేది, పైన కప్పి నీరు ఎగిరిపోకుండా ఆపేది. లేబుళ్ల భాషలో వీటిని హ్యూమెక్టెంట్, ఎమోలియెంట్, అక్లూజివ్ అంటారు. మీ కాగితం మీద ప్రతి పేరు పక్కన 'ప' (పట్టేది), 'ను' (నునుపు), 'క' (కప్పేది) అని గుర్తు పెట్టుకుంటూ రండి. తెలియని పేరును ఖాళీగా వదిలేయండి. ఊహించి మాత్రం రాయకండి.

'ప' వర్గంలో పెద్దదిక్కు గ్లిజరిన్. చవకైనదీ పాతదీ కాబట్టి ప్రకటనల్లో దీని పేరు పెద్దగా వినపడదు. పని మాత్రం ఇదే ఎక్కువ చేస్తుంది. దీని అణుభారం 92 డాల్టన్లు మాత్రమే (డాల్టన్ అంటే అణువుల బరువు కొలిచే ప్రమాణం). 500 డాల్టన్లు దాటిన అణువులు మామూలు చర్మం గుండా లోపలికి పోవడం కష్టమని 2000లో ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. ఇనప గీత కాకపోయినా లేబుల్ చదివేవాళ్లకు అది మంచి కొలత. ఆ లెక్కన గ్లిజరిన్ పై పొరలోకి సులభంగా దిగుతుంది. పైగా గ్లిజరిన్ చర్మానికి కొత్త చుట్టం కాదు. చర్మ కణాల్లో దాన్ని మోసుకెళ్లడానికి ఆక్వాపోరిన్-3 అనే ప్రోటీను దారి ఒకటి ఉంది. ఆ దారి లేకుండా పుట్టించిన ఎలుకల చర్మం పొడిబారింది. వాటికి గ్లిజరిన్ అందిస్తే మళ్లీ తేమ పట్టింది.

ఇక హయలురోనిక్ యాసిడ్. లేబుల్ మీద ఎక్కువగా సోడియం హయలురోనేట్ అని కనిపిస్తుంది. దీని పెద్ద అణువులు పది లక్షల డాల్టన్లు కూడా దాటుతాయి. అంత పెద్దవి లోపలికి దిగవు. చర్మం పైన పలచటి పొరలా పరుచుకుని అక్కడే నీటిని పట్టి ఉంచుతాయి. రాసుకోగానే ముఖం నిండుగా, నున్నగా అనిపించేది అందుకే. అది మంచి పనే, కానీ పైపైన జరిగే పని. 'చర్మపు లోతుల్లోకి తేమ' అని డబ్బా ముందువైపు రాసి ఉంటే, పెద్ద అణువుల విషయంలో ఆ మాట నమ్మకండి. చిన్న ముక్కలుగా చేసిన రకాలూ ఉన్నాయి. మీ సీసాలో ఉన్నది ఏ రకమో లేబుల్ చాలాసార్లు చెప్పదు.

యూరియా కూడా 'ప' వర్గమే. కాకపోతే మోతాదు మారితే దాని పనీ మారిపోతుంది. 10 శాతం దగ్గర తేమ పడుతుంది. 40 శాతం దగ్గరికొస్తే ఆనెకాయలను, మందమైన గోళ్లను కరిగించి మెత్తబరుస్తుంది. కాబట్టి యూరియా పేరు కనపడితే పక్కన శాతం కూడా చూడాలి.

'ను' వర్గం దగ్గర ఒక అనవసరపు టెన్షన్ తీర్చేసి ముందుకు పోదాం. సెటైల్ ఆల్కహాల్, సెటియరిల్ ఆల్కహాల్ పేర్లు చూసి 'అమ్మో, ఆల్కహాల్! చర్మం ఎండిపోతుంది' అనుకునే వాళ్లు చాలామంది. ఇవి మైనంలా ఉండే కొవ్వు పదార్థాలు. క్రీముకు చిక్కదనం, చర్మానికి నునుపు ఇస్తాయి. ఎండగట్టే గుణం ఉన్నది ఆల్కహాల్ డెనాట్ అని రాసే పలచటి స్పిరిట్‌కి. అది జాబితాలో నాలుగైదు పేర్ల లోపే కనపడితే, పొడి చర్మం వాళ్లు ఆ సీసా పక్కన పెట్టడమే మేలు. స్క్వాలేన్, కాప్రిలిక్ ట్రైగ్లిజరైడ్ లాంటివన్నీ 'ను' కిందకే వస్తాయి.

'క' వర్గంలో అందరికన్నా గట్టిది పెట్రోలేటమ్, అంటే పెట్రోలియం జెల్లీ. రాబర్ట్ చీస్‌బ్రో దీనికి పేటెంటు తీసుకున్నది 1872లో. నీటి ఆవిరిని ఆపడంలో దీన్ని మించింది దొరకడం ఇప్పటికీ కష్టమే. జిడ్డుగా ఉండటమే దీనితో ఇబ్బంది. ఆ జిడ్డు పడని వాళ్లకు డైమెథికోన్ ఉంది. తేలిగ్గా ఉంటుంది, ఆపే శక్తీ తక్కువే.

ఈ మూడు రకాలూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. గాలిలో తేమ లేని చోట 'ప' పదార్థం ఒక్కటే రాస్తే, అది పట్టుకునే నీరు ఎక్కువగా చర్మం లోపలి నుంచే వస్తుంది. పైన 'క' లేకపోతే ఆ నీరూ ఎగిరిపోతుంది. సీరమ్ రాసుకున్న గంటకే చర్మం బిగుసుకుపోయిందని చెప్పేవాళ్ల సీసాలో చాలాసార్లు 'ప' తప్ప ఇంకేమీ ఉండదు. అలాంటి సీరమ్‌ను చర్మం మీద తడి ఆరకముందే రాసుకుని, పైన క్రీము పూస్తే ఆ బిగుతు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు నైపుణ్యం: వరస చదవడం. జాబితాలో ఎక్కువ మోతాదు ఉన్నది ముందు వస్తుంది. కానీ 1 శాతం కన్నా తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయొచ్చు. ఆ 1 శాతం గీత ఎక్కడుందో లేబుల్ చెప్పదు, మనమే కనిపెట్టాలి. దానికి ఆనవాలు ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో దీని గరిష్ఠ పరిమితి 1 శాతం. ఆ పరిమితి పాటించిన సీసాలో ఈ పేరు తర్వాత వచ్చేవన్నీ 1 శాతం లేదా అంతకన్నా తక్కువే. దానికి ముందున్నవన్నీ 1 శాతం దాటాయని మాత్రం దీని అర్థం కాదు. గీతకు పైనున్న వాటికి హామీ లేదు, కిందున్న వాటికి పరిమితి ఉంది. ఈ తేడా దగ్గరే చాలామంది తడబడతారు.

పాఠం కోసం నేను కల్పించిన ఒక లేబుల్ చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో 'హయలురోనిక్, సెరమైడ్ క్రీమ్' అని ఉందనుకోండి. వెనకవైపు ఇలా ఉంది: నీరు, గ్లిజరిన్, కాప్రిలిక్ ట్రైగ్లిజరైడ్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, నియాసినమైడ్, ఫినాక్సీఇథనాల్, కార్బోమర్, సోడియం హయలురోనేట్, సెరమైడ్ ఎన్‌పీ, కొలెస్టరాల్, పర్‌ఫ్యూమ్.

ముందువైపు మెరిసిన రెండు పేర్లూ గీత కిందే ఉన్నాయి. మోసం అనేద్దామా? తొందరపడొద్దు. హయలురోనేట్ 1 శాతం కలిపితేనే నీళ్లు జెల్లీలా చిక్కబడిపోతాయి, కాబట్టి క్రీములో అది కొద్దిగా ఉండటం సహజం. సెరమైడ్లూ కొద్ది మోతాదులోనే కలుపుతారు. గీత కింద ఉన్నాయని వాటిని తప్పుపట్టలేం. కానీ అదే చోట గ్లిజరిన్ ఉంటే తప్పుపట్టాలి, అది కొన్ని శాతాలైనా ఉండాల్సిన పదార్థం మరి. ప్రతి పదార్థానికీ తగిన మోతాదు వేరు. గీత ఎక్కడుందో తెలిశాక మీరు వేసుకోవాల్సిన ప్రశ్న, 'ఈ పదార్థానికి ఇంత సరిపోతుందా?' అని.

సెరమైడ్ పక్కన కొలెస్టరాల్ కనిపించడం ఈ కల్పిత క్రీములో నాకు నచ్చిన విషయం. పై పొరలో కణాలు ఇటుకలైతే వాటి మధ్య సిమెంటు అని మొదటి పాఠంలో చెప్పుకున్న ఆ కొవ్వులో సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు మూడూ కలిసి ఉంటాయి. పై పొర దెబ్బతిన్న ఎలుకల చర్మం మీద వీటిలో ఏదో ఒకటే రాస్తే కోలుకోవడం ఆలస్యమైంది, మూడూ కలిపి రాస్తే ఆ ఆలస్యం లేదు. అందుకే సెరమైడ్ ఒక్కటే ఉన్న లేబుల్ కన్నా దాని జతగాళ్లు కూడా ఉన్న లేబుల్ మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంతకీ ఈ క్రీములో పనంతా మోస్తున్నది ఎవరు? నీరు, గ్లిజరిన్, కాప్రిలిక్ ట్రైగ్లిజరైడ్ అనే నూనె, డైమెథికోన్. అంటే ముందువైపు ఒక్క అక్షరం కూడా దక్కనివి. మామూలు చర్మానికి ఇది బాగా పనిచేసే క్రీమే. బాగా పొడిబారిన కాళ్లకైతే 'క' వర్గం బలం చాలదు, పెట్రోలేటమ్ ఉన్నది వెతుక్కోవాలి. చర్మం తొందరగా మండే వాళ్లకు చివరున్న పర్‌ఫ్యూమ్ ఒక్కటే వద్దనడానికి తగిన కారణం. ఎంత తక్కువ ఉన్నా, పడని వాళ్లకు అది పడదు.

అభ్యాసం. మీ కాగితం మీద గుర్తులు పెట్టడం అయిందా? 1 శాతం గీత కూడా గీయండి. ఫినాక్సీఇథనాల్ లేకపోతే జాంథన్ గమ్, కార్బోమర్, డైసోడియం ఈడీటీఏ లాంటి పేర్లు వెతకండి. ఇవి మామూలుగా కొద్ది మోతాదులోనే కలుపుతారు కాబట్టి గీత ఆ చుట్టుపక్కలే ఉంటుంది. తర్వాత స్నానం చేయగానే ఒక ముంజేతికి ఆ క్రీము రాసి, రెండోదాన్ని అలాగే వదిలేయండి. సాయంత్రం రెండు చేతుల మీదా గోటితో తేలిగ్గా గీసి చూడండి. పొడి చర్మం మీద తెల్లటి గీత పడుతుంది. రాసిన చేతి మీదా అలాగే పడితే కాగితం తీసి, 'ప' తక్కువైందా, 'క' తక్కువైందా అని చూడండి. మరుసటి రోజు ఆ క్రీము మీద పలచగా పెట్రోలియం జెల్లీ పూసి మళ్లీ గీయండి. ఈసారి గీత పడకపోతే మీ సీసాలో కొరత 'క' దగ్గరే.

కల్పిత లేబుల్‌లో ఉన్న నియాసినమైడ్ గురించి నేనేమీ చెప్పలేదని గమనించే ఉంటారు. అది తేమ పని కోసం వేసింది కాదు. దాని సంగతీ, యాసిడ్ల సంగతీ నాలుగో పాఠంలో చూద్దాం. దానికి లేబుల్ మీద సాధారణంగా రాయని ఒక అంకె కావాలి: పీహెచ్, అంటే ఆమ్లగుణం ఎంతో చెప్పే కొలత. మీ దగ్గర గ్లైకోలిక్ లేదా సాలిసిలిక్ యాసిడ్ సీసా ఉంటే దాని జాబితా కూడా రాసి పెట్టుకోండి.