గువ్వలచెరువు ఘాట్‌లో అంబాసిడర్‌నీ పద్మినినీ పోల్చి చూడాలంటే
పాత పెట్రోల్ అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ తోలి చూడాలనుకుంటే కడప నుంచి రాయచోటి రోడ్డు పట్టుకోండి, గువ్వలచెరువు ఘాట్‌లో వాటి గుణం తెలిసిపోతుంది. ముందు టైర్లలో గాలి సరిచూసి రెండిట్లోనూ అదే నలుగురిని ఎక్కించండి, లేకుంటే పోల్చడానికే లేదు. అంబాసిడర్‌ది 1489 సీసీ, పద్మినిది 1089, కాబట్టి ఎక్కేటప్పుడు ఏ మలుపు కాడ సెకండ్ గేర్‌కి దించాల్సొచ్చిందో గుర్తుపెట్టుకోండి, లోడుతో అంబాసిడరే గట్టిగా లాగుతుంది. మలుపుల్లో మాత్రం నాకు పద్మినే ఇష్టం, చిన్న బండి, తేలిగ్గా తిరుగుతుంది, అంబాసిడర్ పక్కకి ఒరుగుతుంది కానీ గుంతల్లో వెనక సీట్లో పెద్దోళ్లకి ఆ సుఖమే వేరు. గువ్వలచెరువులో కోవా కోసం ఆగినప్పుడు టెంపరేచర్ ముల్లు యాడుందో చూసుకోండి. దిగేటప్పుడు జాగ్రత్త, పాత బండ్లు, డ్రమ్ బ్రేకులే, అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు తగ్గిపోతాయి, సెకండ్‌లోనే దించండి.