పిల్లల ఫోన్‌లో ఏదో తేడా కొడుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: మీరు గదిలోకి రాగానే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నారు

ఇదొక్కటే అయితే కంగారు పడక్కర్లేదు. ఎదిగే పిల్లలకు స్నేహితులతో సొంత కబుర్లుంటాయి. నిద్ర చెడి, తిండి తగ్గి, మెసేజ్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతుంటే మాత్రం అవతల ఎవరో బెదిరిస్తున్నారేమో చూడాలి.

కారణం: ఈ మోసం దాదాపు ఒకే దారిలో నడుస్తుంది. గేమ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో తమదీ అదే వయసని చెప్పి పరిచయమవుతారు. పొగుడుతారు, వేరే చాట్ యాప్‌కి రమ్మంటారు, నగ్న ఫొటో అడుగుతారు. అది చేతికందాక, అందరికీ పంపేస్తామని బెదిరించి డబ్బైనా ఇవ్వమంటారు, ఇంకా ఫొటోలైనా పంపమంటారు.

పరిష్కారం: మీ నోట మొదట రావాల్సిన మాట, "నిన్ను తిట్టను, ఫోన్ లాక్కోను." బెదిరించేవాడి ధైర్యమంతా పిల్లలు ఇంట్లో చెప్పుకోలేరన్న దాని మీదే. డబ్బు కట్టొద్దు, కడితే మళ్లీ అడుగుతాడు. కోపంలో చాట్ డిలీట్ చేయొద్దు. యూజర్‌నేమ్, బెదిరింపు మెసేజ్‌లు, డబ్బు పంపమన్న ఖాతా వివరాలు స్క్రీన్‌షాట్ తీసుకుని, యాప్‌లో రిపోర్ట్ కొట్టి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. పోలీసులకు ఫిర్యాదు చేయండి. బిడ్డ నగ్న చిత్రాన్ని మాత్రం సాక్ష్యం కోసమైనా ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

18 ఏళ్లలోపు తీసిన అలాంటి ఫొటోల కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు. దాని నుంచి తయారైన హ్యాష్ అనే డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన ప్లాట్‌ఫామ్‌లు దాన్ని బట్టి ఫొటోను పట్టుకుని తీసేయగలవు.

సమస్య: చిన్నవాళ్లకు యూట్యూబ్‌లో వింత వీడియోలు వస్తున్నాయి

చాలాసార్లు కారణం మీ ఖాతాయే. మీరు చూసినవాటిని బట్టే సిఫార్సులొస్తాయి, ఆటోప్లే ఒకదాని వెనక ఒకటి తోసేస్తుంది. యూట్యూబ్ కిడ్స్‌లో వేరే ప్రొఫైల్ పెట్టి, మీరు ఎంచినవే కనిపించే సెట్టింగ్ వాడండి. మామూలు యూట్యూబ్‌లో పెద్దల వీడియోలను దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ జల్లెడ లాంటిది, కొన్ని జారిపోతాయి.

సమస్య: గేమ్‌లో తెలియకుండా డబ్బు పోతోంది

కార్డు సేవ్ అయి ఉంది, అంతే. తీసేయండి. ఆండ్రాయిడ్‌లో ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు అదుపు చేసే గూగుల్ యాప్) ద్వారా కొనుగోలు అనుమతి, ఐఫోన్‌లో 'ఆస్క్ టు బై' ఆన్ చేస్తే కొనే ముందు మీ అనుమతి అడుగుతుంది.

సమస్య: ఈ సెట్టింగ్‌లన్నీ పెట్టినా పని చేయట్లేదు

ముందు ఆ సెట్టింగ్‌లకు పెట్టిన పిన్ మార్చండి, పిల్లలకు అది ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. తర్వాత ఖాతాలో పుట్టిన సంవత్సరం చూడండి. ఇన్‌స్టాగ్రామ్ 2024లో టీన్ అకౌంట్లు తెచ్చింది. వాటిలో ప్రొఫైల్ ముందే ప్రైవేట్‌గా ఉంటుంది, ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజ్‌లకు అడ్డుంటుంది. ఖాతా తెరిచేటప్పుడు వయసు పెంచి రాసుకుంటే ఆ రక్షణ దక్కకపోవచ్చు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకునే ఆ తేదీ సరిచేయండి. మీరు చాటుగా మార్చేస్తే, మీకు తెలియని రెండో ఖాతా పుడుతుంది.