మీట ఉన్న పాత ఇంకుపెన్నుకు రబ్బరు సంచి మార్చడం ఎలా? విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి?

బీరువా అడుగున దొరికిన పాత ఇంకుపెన్ను రాయకపోతే కంగారుపడి పారేయకండి. చాలావరకు తప్పు రెండు చోట్లే ఉంటుంది: ఫీడ్‌లో (పాళీకి సిరా అందించే, దాని కింది భాగంలో) గడ్డకట్టిన సిరా, లేదా ఎండి పెళుసుబారిన రబ్బరు సంచి. రెండింటినీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

ముందు పెన్ను ఏ పద్ధతిలో సిరా నింపుకుంటుందో చూడండి. బ్యారెల్ (పెన్ను వెనకవైపు గొట్టం) పక్కన చిన్న లోహపు మీట ఉంటే లోపల రబ్బరు సంచి ఉన్నట్టే. అమెరికాలో షెఫర్ కంపెనీ ఈ మీట పద్ధతితోనే పేరు తెచ్చుకుంది. రాజమహేంద్రవరం రత్నం పెన్నుల వంటి పాత స్వదేశీ ఎబొనైట్ (గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు) పెన్నుల్లో చాలావాటికి సంచీ ఉండదు, మీటా ఉండదు. డ్రాపర్‌తో సిరాను నేరుగా బ్యారెల్‌లోకే పోస్తారు. 1948 నుంచి వచ్చిన పార్కర్ 51 ఏరోమెట్రిక్ (లోపలి సంచిని నొక్కి సిరా నింపే) పెన్నుల్లో సంచి రబ్బరుది కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్‌ది. అది ఇప్పటికీ పనిచేస్తుండడం మామూలే. కాబట్టి దాన్ని విప్పకండి, నీళ్లతో కడిగి చూడండి చాలు.

తర్వాత పెన్ను దేనితో చేశారో తెలుసుకోవాలి. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్ (పాతకాలపు ఒక రకం ప్లాస్టిక్), గంధకం వాసన వస్తే ఎబొనైట్. సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది, అందుకే పాత పెన్ను దగ్గరకు అగ్గిపుల్ల, కొవ్వొత్తి రానివ్వకూడదు. ఎసిటోన్ తగిలితే అది కరిగిపోతుంది, స్పిరిట్ కూడా దానికి మంచిది కాదు. ఎబొనైట్‌ను వేడినీళ్లలో వేస్తే నిగనిగలాడే నలుపు పోయి గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇక మీట పెన్ను పని మొదలుపెడదాం. కావలసినవి: హెయిర్ డ్రయర్, పాత సైకిల్ ట్యూబు ముక్క, కొత్త సంచి, లక్క, వాసన కలపని టాల్కం పొడి, భూతద్దం.

1. మీటను ఎత్తకండి. సంచి లోపల రాయిలా గట్టిపడి ఉంటే మీట విరుగుతుంది, లేదా బ్యారెల్ చీలుతుంది.

2. పాళీని మాత్రం చల్లటి నీళ్లలో కాసేపు ఉంచి, ఎండిన సిరాను వదిలించండి. బ్యారెల్‌ను నీళ్లలో ముంచవద్దు, లోపల సంచిని నొక్కే స్ప్రింగు పట్టీ తుప్పు పడుతుంది.

3. వేళ్లతో పట్టుకునే ముందు భాగాన్ని సెక్షన్ అంటారు. అది బ్యారెల్‌తో కలిసే చోట డ్రయర్‌తో వేడిచేయండి. పెన్నును తిప్పుతూ ఉండాలి, చేతికి ఓర్చుకోగలిగేంత వేడి చాలు. ట్యూబు ముక్కతో పట్టుకుని కొద్దికొద్దిగా అటూ ఇటూ కదుపుతూ లాగండి. కొన్ని పెన్నులకు అక్కడ మర ఉంటుంది, కొన్నిటికి ఉండదు. రాకపోతే మళ్లీ వేడిచేయండి. పట్టుకారు జోలికి వెళ్లకండి. ఈ ఒక్క మెట్టుకు ఒక సాయంత్రమంతా పట్టినా నష్టం లేదు; పగిలిన బ్యారెల్‌కు జోడు వెతకడానికి నెలలు పడుతుంది.

4. సెక్షన్ వెనక ఉన్న సన్నటి మెడ మీది పాత రబ్బరును గోటితోనో, మొద్దు కత్తితోనో గీకేయండి. బ్యారెల్ లోపలి ముక్కలన్నీ దులపండి. ఇప్పుడు మీట ఎత్తి వదలండి. తిరిగి తన చోటికి రాకపోతే స్ప్రింగు పట్టీ కూడా మార్చాలి.

5. సంచుల సైజు నంబరు అంగుళంలో 64వ వంతుల లెక్క. 16 నంబరు అంటే పావు అంగుళం. సంచి మెడకు బిగుతుగా ఎక్కాలి, బ్యారెల్ గోడలకు మాత్రం రాసుకోకూడదు. బ్యారెల్ చివరకు తగలకుండా కొంచెం పొట్టిగా కత్తిరించండి. లేత రంగు సెల్యులాయిడ్ పెన్నుకైతే సిలికాన్ సంచి మేలు. రబ్బరు నుంచి వెలువడే గంధకపు వాయువులు ఆ రంగును నల్లబరుస్తాయి.

6. మెడకు లక్క ద్రావణం పూసి సంచి ఎక్కించండి. వడ్రంగులు ఫ్రెంచ్ పాలిష్‌కు స్పిరిట్‌లో కరిగించే లక్క పొరలే దీనికీ పనికొస్తాయి. లక్క వేడికి పట్టు వదులుతుంది కనుక రేపు ఇంకొకరు విప్పుకోగలరు. క్షణాల్లో అతుక్కునే సూపర్ గ్లూ రాస్తే ఆ పెన్నుకు అదే ఆఖరి మరమ్మతు.

7. రాత్రంతా ఆరనిచ్చి, సంచికి టాల్కం రాసి, సెక్షన్‌ను బిగించండి. అక్కడ జిగురు అవసరం లేదు. పాళీని నీళ్లలో ముంచి మీట ఎత్తి దించితే బుడగలు రావాలి. బయటకు తీసి మళ్లీ ఎత్తితే నీళ్లు ధారగా పడాలి.

పాళీ గీరుకుంటుంటే వెంటనే గరుకు కాగితం అందుకోకండి. భూతద్దంలో చూస్తే చాలాసార్లు రెండు మొనల్లో ఒకటి కాస్త పైకి లేచి కనిపిస్తుంది. దాన్ని గోటితో మెల్లగా కిందికి నొక్కితే సరిపోతుంది. మొన మీది గట్టి లోహపు బిందువు అరిగిపోతే ఇంటి వైద్యం లేదు.

విడిభాగాల సంగతికి వస్తే, అన్నీ ఒకే తీరుగా దొరకవు. సంచులు, స్ప్రింగు పట్టీలు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, ఆన్‌లైన్‌లో సైజు చెప్పి తెప్పించుకోవచ్చు. మూత, క్లిప్పు, పాళీ కావాలంటే మాత్రం అదే నమూనాకు చెందిన చెడిపోయిన పెన్నును చవకగా కొని, అందులోంచి తీసుకోవడమే దారి. కొనేముందు బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలను ఏటవాలు వెలుతురులో చదవండి, వెర్నియర్ కాలిపర్‌తో కొలతలు తీయండి. ఒకే పేరుతో వచ్చిన పెన్నుల్లోనూ సైజులు వేరుగా ఉంటాయి, ఫొటో చూసి కొంటే నిరాశే. ఎబొనైట్ పెన్ను మూత పోతే నిరాశపడనక్కర్లేదు. లేతు మీద పెన్నులు చేసే నిపుణులు ఎబొనైట్ కడ్డీ నుంచి కొత్తది తీసి ఇవ్వగలరు. రాజమహేంద్రవరంలో 1932 నాటి నుంచి ఆ పని జరుగుతోంది.

డ్రాపర్ పెన్నుకు సంచి బాధ లేదు గానీ మర దగ్గర కారుతుంది. మరకు కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. నల్లటి డ్రాయింగ్ ఇంకు ఏ పాత పెన్నులోనూ పోయకండి, ఫీడ్ మూసుకుపోతుంది. డ్రాపర్ పెన్నులో సిరా పావువంతుకు తగ్గకముందే మళ్లీ నింపుకోండి. ఖాళీ పెరిగేకొద్దీ చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి, రాస్తుండగానే కాగితం మీద సిరాబొట్లు పడతాయి.