బాధ్యత గల వేట, 7వ పాఠం: వల కన్ను మళ్లీ, ఆ తర్వాతే మండపీత

ఈ వారం మడ అడవి పాయల్లో దొరికే మండపీత ఒక్కటే చెబుదామనుకున్నాను. పోయిన పాఠం చివర మీ ఇంట్లో ఉన్న వల కన్ను కొలిచి పంపమన్నాను కదా, ఆ కొలతలు చూశాక పీతని కాసేపు పక్కన పెట్టక తప్పలేదు. వచ్చినవాటిలో సగానికి పైగా తప్పు. అంతకంటే బాధపెట్టింది అంతర్వేది వైపు నుంచి ఒక కుర్రాడు రాసిన ఉత్తరం. తాతగారి విసురు వల కొలిస్తే 9 మిల్లీమీటర్లే వచ్చిందట. "తాతా, ఇది చట్టం ఒప్పుకోని వల" అన్నాడట. ఆ పెద్దాయన నాలుగు రోజులు వల చూరు మీంచి దించలేదట. బాబూ, మీ తాతగారి వల కన్ను 18. ఈ రోజే వెళ్లి ఆ మాట ఆయనకి చెప్పు.

ఇందులో తప్పు నాది కూడా. "రెండు ముడుల మధ్య దూరం" అని రాసి వదిలేశాను. ఏ రెండు ముడులో చెప్పలేదు.

ఒక్క కన్ను తీసుకోండి. నాలుగు ముడులు, నాలుగు దారపు భుజాలు. పక్కపక్కనున్న ముడుల మధ్య కొలిస్తే వచ్చేది ఒక భుజం. మీలో చాలామంది కొలిచింది అదే. మనకి కావాల్సింది ఎదురెదురు ముడులు. వలని నీళ్లలో నానబెట్టండి. వేటలో అది ఎటు వేలాడుతుందో అటే, నిలువుగా, ఎదురెదురు ముడుల్ని పట్టి లాగండి. కన్ను మూసుకుపోయి దారాలు రెండూ ఒకదానికొకటి ఆనుకుంటాయి. అప్పుడు ఒక ముడి లోపలి అంచు నుంచి ఎదురు ముడి లోపలి అంచు దాకా ఎంతుందో అదే కన్ను కొలత. భుజానికి ఇంచుమించు రెట్టింపు వస్తుంది. మన రాష్ట్రపు సముద్ర వేట నిబంధనల్లో 15 మిల్లీమీటర్లకి తక్కువ కన్ను వాడకూడదన్నప్పుడు చూడాల్సింది ఈ కొలతే.

ఎందుకు ఇలాగే కొలవాలో తెలిస్తే మళ్లీ మర్చిపోరు. నీళ్లలో కన్ను నలుపలకగా నిలబడి ఉండదు. చేప తల దూర్చగానే దారం దాని ఒంటి చుట్టూ సర్దుకుంటుంది. అంటే చేపని ఆపేది కన్ను వెడల్పు కాదు, దాని చుట్టుకొలత. లాగి కొలిచిన దూరానికి రెట్టింపే ఆ చుట్టుకొలత.

ఒకమ్మాయి పది రూపాయల బిళ్ల దూర్చి చూసి "27 మిల్లీమీటర్లు" అని రాసింది. తెలివైన ఆలోచనే, లెక్క మాత్రం అక్కడితో ఆగకూడదు. బిళ్ల అడ్డకొలత 27 అయితే దాని చుట్టూ దాదాపు 85. అంత చుట్టు ఉన్న కన్నుని లాగి పట్టుకుంటే 42కి తగ్గదు. ఇంకొకరు కన్నుని వేళ్లతో నలువైపులా సాగదీసి అడ్డంగా కొలిచారు. ఒకరు దర్జీ టేపుతో కొలిచారు. వద్దండి, టేపు సాగుతుంది. మిల్లీమీటర్లున్న ఉక్కు స్కేలు తీసుకోండి. మరొకరు ముడులు కూడా కలిపి బయటి అంచుల నుంచి కొలిచారు.

నేను చేసేది ఇది. పది కళ్లు వరసగా లాగి పట్టి, మొత్తం కొలిచి, పదితో భాగిస్తాను. త్వరగా అయిపోతుంది. ఇందులో ముడుల మందం కూడా కలుస్తుంది కాబట్టి అసలు కన్ను కాస్త చిన్నదే ఉంటుంది. లెక్క 15కి దగ్గరగా తేలితే ఈ దగ్గరదారి వదిలేసి ఒక్కో కన్నూ విడిగా కొలవండి. కొత్త వల కొనేటప్పుడు కొట్టువాడు చెప్పే అంకె భుజానిదా, లాగిన కన్నుదా అని అడగండి. అడక్కుండా డబ్బులివ్వకండి.

మధ్యలో రెండు ప్రశ్నలకి జవాబు. శీతాకాలం పరజలకి, అంటే అడవి బాతులకి, వల వేయడం కూడా నేర్పమని ఒకరు అడిగారు. నేర్పను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణల తర్వాత మన దగ్గర అడవి పక్షుల వేటకి చోటు లేదు. ఇక్కడ వేట అంటే చేప, రొయ్య, పీత. ఇవన్నీ పూర్తిచేస్తే సర్టిఫికెట్ వస్తుందా అని ఇంకొకరి ప్రశ్న. జర్మనీలో వేటగాడికి లైసెన్సు రావాలంటే రాతపరీక్ష, నోటి పరీక్ష, తుపాకీ గురి పరీక్ష మూడూ నెగ్గాలి. కాగితం నేను ఇవ్వలేను కానీ ఆ మూడో పరీక్ష లాంటిది, చేత్తో చేసి చూపించాల్సింది, ప్రతి పాఠం చివరా ఉంటుంది. ఈసారి కాస్త కష్టమైనదే పెట్టాను.

ఇక మండపీత. వెనకవైపు నుంచి పట్టుకోవడం, డెక్కలు కట్టడం మీకు వచ్చు, అది రాయను. పట్టుకున్నాక వెల్లకిలా తిప్పండి. పొట్ట కింద మడిచిపెట్టుకున్న రేకు చూడండి. సన్నగా, గుడి గోపురంలా పైకి కొనదేలితే మగది. వెడల్పుగా, గుండ్రంగా, అంచున నూగుతో పొట్టంతా కప్పేస్తే ఈడొచ్చిన ఆడది. ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది ఇంకా ఎదగని ఆడపీత. దాని రేకు మూడు మూలలుగానే ఉంటుంది కానీ మగదానికన్నా వెడల్పు. ఎక్కువమంది దీన్నే మగదనుకుని బుట్టలో వేస్తారు. మగదాన్నొకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

"రేకు కింద గుడ్లు లేవు కాబట్టి ఆడదైనా పట్టొచ్చు కదా" అని మీలో కొందరు అడిగారు. మడ అడవి పాయల్లో పెరిగిన ఆడ మండపీత గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి పోతుంది. పిల్లలు మళ్లీ పాయల్లోకి వస్తాయి. అందుకే పాయలో రేకు కింద గుడ్లతో ఉన్న మండపీత అరుదు. గుడ్డు అప్పటికి లోపలే ఉంటుంది. పీతని వెలుతురుకి ఎత్తి, వెనకవైపు పైడిప్పకీ రేకుకీ మధ్య అతుకు దగ్గర చూడండి. అక్కడ నారింజరంగు తొంగిచూస్తే అది సముద్రానికి బయల్దేరబోతున్న తల్లి. బజారులో దానికే ధర ఎక్కువ. అయినా నేను వదిలేస్తాను. పాయలో దొరికిన ఈడొచ్చిన ఆడపీతని, గుడ్డు కనబడినా కనబడకపోయినా, పదిహేనేళ్లుగా ఇంటికి తేలేదు. మీరూ అలాగే చేయాలని నా కోరిక.

వెడల్పు కొలవడానికి డెక్కలతో పని లేదు. పైడిప్ప అంచున రంపపు పళ్లలా ముళ్లుంటాయి. రెండు పక్కలా చివరి ముల్లు కొన నుంచి కొన దాకా కొలవాలి. 12 సెంటీమీటర్ల దగ్గర గంటు పెట్టిన వెదురు బద్ద నా మొలలో ఎప్పుడూ ఉంటుంది. దానికి అందకపోతే నీళ్లలోకే. ఆ 12 నేను పెట్టుకున్న హద్దు, చట్టం పెట్టింది కాదు.

ఆఖరున కాళ్ల మొదలు దగ్గర, అడుగువైపు బొటనవేలితో నొక్కండి. లోపలికి పోతే అది కొత్తగా డొల్ల మార్చిన పీత. లోపల కండ కంటే నీళ్లే ఎక్కువ. దాన్ని వదిలితే మీకు పోయేదేమీ లేదు.

అభ్యాసం. ముందు వల. మూడు చోట్ల, పదేసి కళ్ల చొప్పున కొలిచి మళ్లీ పంపండి. ఇది అందరూ చేయాల్సిందే, పోయినసారి సరిగ్గా చేసినవాళ్లు కూడా.

తర్వాత పీతలు. దీనికి వేటకి వెళ్లొద్దు. ముఖ్యంగా 1978లో అభయారణ్యమైన కోరింగ పాయల్లోకి అసలు పోవద్దు. మీ ఊరి చేపల బజారుకి పొద్దున్నే వెళ్లి, అమ్మే ఆవిడని అడిగి, ఆవిడ బేరాలకి అడ్డం రాకుండా పక్కన కూర్చోండి. ఒక్కో పీతనీ చూసి మగదా, ఈడొచ్చిన ఆడదా, ఎదగనిదా, వెడల్పెంత అన్నది కొలవకముందే నోటుపుస్తకంలో రాయండి. ఆ తర్వాత కొలిచి పక్కన రాయండి. కొట్టివేతలుంటే అలాగే ఉంచండి. వరసగా ఇరవై పీతలకి రకం తప్పకుండా, వెడల్పు అర సెంటీమీటరు లోపు తేడాతో చెప్పగలిగేదాకా రోజూ వెళ్లాలి. పంతొమ్మిదో పీత దగ్గర తప్పితే లెక్క మళ్లీ ఒకటి నుంచే. నోటుపుస్తకం పేజీల ఫోటోలు పంపినవాళ్లకి ఎనిమిదో పాఠం పంపుతాను. వెళ్లొచ్చేటప్పుడు ఆ అమ్మే ఆవిడ దగ్గర ఏదైనా కొనుక్కుని రండి.