బొమ్మకు రంగు వేసే ముందు నీళ్లు కలపండి

టేబుల్ మీద ఆడే యుద్ధ క్రీడల బొమ్మలకు కొత్తగా రంగులు వేస్తున్నారా? అక్రిలిక్ రంగును సీసాలోంచి తీసి నేరుగా పూయకండి. 28 మిల్లీమీటర్ల సైనికుడి ముఖం కందిగింజంత ఉంటుంది. చిక్కటి రంగు ఒక్క పూతతోనే కళ్లనూ పెదవులనూ పూడ్చేస్తుంది. నా మొదటి బొమ్మ డాలు మీది సింహాన్ని నేను అలాగే పోగొట్టుకున్నాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

రంగు చుక్కకు కొద్దికొద్దిగా నీళ్లు కలిపి పాలంత పలుచగా చేయండి. మొదటి పూతలో అడుగు కనిపిస్తుంది, కంగారు పడవద్దు. పూర్తిగా ఆరాక రెండోది వేయండి. పసుపు, తెలుపు అయితే మూడు నాలుగు పూతలు కూడా పడతాయి.

మన ఎండాకాలంలో, ఫ్యాను కింద ఈ పలుచని రంగు చూస్తుండగానే ఎండిపోతుంది. అందుకే మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజి పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వేసి, రంగులు అక్కడ కలుపుకోండి. అడుగు నుంచి తేమ అందుతూ గంటల తరబడి ఆరకుండా ఉంటాయి. మైనం పూసిన కాగితం మాత్రం వద్దు, అది తేమను పైకి రానివ్వదు.

కుంచెను లోహపు పట్టీ దాకా ముంచకండి. అక్కడ రంగు గడ్డకడితే వెంట్రుకలు విడిపోయి మొన పాడవుతుంది. రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే అడుగు పూతను ప్రైమర్ అంటారు. వాన రోజుల్లో స్ప్రే ప్రైమర్ గరుకుగా పడే ప్రమాదం ఉంది కాబట్టి కుంచెతో పూసే ప్రైమర్ వాడండి.